తాళాలవాడి వ్యాకరణం

పీటర్‌హెడ్ రేవులో
చర్చి హాలు తాళాలు నా దగ్గరుంటాయి.
మంగళవారం రాత్రి తొమ్మిదైతే గానీ క్లాసు వదలరు.
అందాకా వెనక బల్ల మీద
హీటరుకి కాళ్లు చాపుకుని
నేను పుట్టిన భాషని
మొదటిసారి వింటుంటాను.

కోల్డ్, కోల్డర్, కోల్డెస్ట్.
మిసెస్ బుకన్ సుద్దముక్కతో
మాటకో తోక తగిలిస్తుంది,
అది చాలకపోతే ఇంకాస్త పొడుగు తోక.
బిగ్‌కి మాత్రం తోక కట్టేముందు
చివరి అక్షరాన్ని రెండుసార్లు రాయాలట,
లేకపోతే ఊడిపోతుందేమో.
బ్యూటిఫుల్ లాంటి బరువైన మాటలు
తోకని మోయలేవు,
ముందు మోర్ అనే కూలీ నడవాలి.
అరవై ఏడేళ్లుగా ఇదంతా
తప్పు పోకుండా చేస్తున్నానట నేను!
ఒక్కడైనా చెప్పలేదు.
మోర్‌ని మా వీధిలో మేర్ అంటాం.
ఆ సంగతి నేనూ ఆవిడకి చెప్పలేదు.

ఎత్తులు కొలవడానికి వీపూ వీపూ ఆనించి నిలబెట్టింది.
వైడాకంటే హోష్యార్ టాలర్.
హోష్యార్‌కంటే హాలు తలుపు టాలర్, కానీ కొంచెమే.
ఓల్డెస్ట్ ఎవరంటే
అందరూ నా వైపు తిరిగారు.
ఓటింగ్ కూడా అక్కర్లేకపోయింది.

"మా భాషలోనూ తోకలే" అన్నాడు హోష్యార్,
తిర్, తిరీన్ అని బల్ల మీద దరువేసి.
కుర్దుల కొండల నుంచి ఇంత దూరం వచ్చాక
సంతలో చుట్టం కనబడ్డట్టు మురిసిపోయాడు.
వైడా మాత్రం గుడ్, గుడ్డర్ అంది,
తెల్లవారుజాము నుంచి హాడక్ చేపల ముళ్లు తీసిన చేతుల్తో
ఆవలింత ఆపుకుంటూ.
గుడ్డర్ ఎందుకు కాదు?
మిసెస్ బుకన్ కళ్లజోడు తుడుచుకుంది.
మంచీ చెడూ, ఈ రెండే
ముందునుంచీ రూలు మాట వినవు, అంది.

నేను చేపల వేలంలో ముప్పై ఒక్కేళ్లు చేశాను.
పెట్టెల మీద చిన్న, మధ్య, పెద్ద అని రాసేవాణ్ణి.
అన్నిటికన్నా పెద్దది అని ఏనాడూ రాయలేదు.
రాసిన మర్నాడే
ఎవడో ఒకడు ఇంకా పెద్దది దింపుతాడు,
మొహం ఎక్కడ పెట్టుకోను?

కొన్ని మాటలకి అసలు తోకలుండవంది టీచరు.
డెడ్. మ్యారీడ్. ఎంప్టీ.
అయితే అయినట్టు, కాకపోతే కానట్టు,
మధ్యలో మెట్లు లేవు.
లెటెబ్రాన్ చెయ్యెత్తింది,
ఎప్పుడూ ఎత్తని మనిషి.
"మిస్సింగ్?"
దానికీ లేదమ్మా.
"ఉంది" అంది.

తమ్ముడు జువారాలో పడవెక్కిన ఏడు
మిస్సింగ్.
అస్మరాలో అమ్మ వాడి చొక్కాలు పక్కింటి పిల్లలకిచ్చేసిన ఏడు
మోర్ మిస్సింగ్.
ఈ మధ్య వాడి ముఖం గుర్తుంది,
గొంతు వెతుక్కోవాల్సొస్తోంది.
ఇదంతా మూడు భాషలు కలిపి
చేతుల్తో సర్ది చెప్పింది.
మూడో గడి ఖాళీగా వదిలి
కాగితం తిప్పి పెట్టింది.

హీటరు టిక్కుమంటోంది.
మిసెస్ బుకన్ ఎర్ర పెన్ను తీసి,
మూత పెట్టి,
మళ్లీ తీసి,
కోటు జేబులో వేసుకుంది.
బిస్కెట్లు మిగిలాయి, తీసుకెళ్లండి, అంది.

బోర్డు తుడవడం నా పని.
కోల్డూ బిగ్గూ బ్యూటిఫులూ
ఒకే తడిగుడ్డకి పోయాయి.
కుర్చీలు పేర్చి లెక్కపెట్టాను, పదకొండు.
పోయిన వారం కూడా పదకొండే,
అయినా రెండోసారి లెక్కపెట్టాను.

తాళం తిరగనని మొరాయిస్తుంటే
వైడా తన ఫోను వెలుగు చూపించింది.
సముద్రం మీంచి గాలి తిన్నగా మెడలోకి దిగుతోంది.
"కోల్డర్" అంది.
అవునన్నాను.
దేనికంటే అని అడగలేదు.